నాలుగు చక్రాలకీ

ఒంటిగంటన్నరకి హాస్పిటల్ ఆవరణ దాటి పికప్‌ని రోడ్డెక్కించాను. పక్కసీట్లో ఆర్వో. పెళ్లయిన నలభై ఏడేళ్లలో మంచు కురిసే రోజున అతను ఆ పక్క కూర్చోవడం, నేను ఈ పక్క కూర్చోవడం ఇదే మొదలు. అందుకని ఇద్దరికీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. నావి కనీసం స్టీరింగ్ మీద ఉన్నాయి, అతనివి పాపం ఒళ్లో ఉన్నాయి, కుడిచెయ్యి ఎడమచేతి కట్టుని పట్టుకుని. నాలుగు గంటలు మిషన్ దగ్గర పడుకుని రక్తం కడిగించుకుని వచ్చిన మనిషి మొహం ఉతికి పిండిన దుప్పటిలా ఉంటుంది, తెల్లగా, ముడతలు ముడతలుగా. టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు, కోటు గుండీ మెడదాకా పెట్టుకున్నాడు, అయినా వణుకుతున్నాడు. హీటర్ ఇంకొంచెం పెంచాను. పెంచితే అద్దం మీద ఆవిరి పడుతుందంటాడేమో అనుకున్నాను, అనలేదు. ఇల్లు ఇక్కడికి డెబ్భై కిలోమీటర్లు. మధ్యలో చర్చి దిగుడు ఒకటుంది, దాన్ని తల్చుకుంటే పొద్దున్నించీ నాకు భయంగానే ఉంది. అయినా ఆ భయం మొహంలో కనపడనివ్వను. కనపడిందా, అయిపోయిందే, రేపొద్దున్న డెనీస్‌కి ఫోన్ చేసి గది ఖాయం చేసేస్తాడు.

గది, గది, గది. రెండు వారాలుగా మా ఇంట్లో ఇదే పాట. డెనీస్ డయాలసిస్ వార్డులో నర్సు, మంచి పిల్ల, మాట మెత్తన. దూరాభారం నుంచి వచ్చేవాళ్ల కోసం హాస్పిటల్ వెనక ఒక ఇల్లుందట, అందులో ఒక గది ఖాళీ అయిందట, చలికాలమంతా ఆర్వో అక్కడే ఉండొచ్చట. ఒక మంచం, ఒక కుర్చీ, ఒక కిటికీ. ఒక్క మనిషికి. మార్చి చివరిదాకా. మంగళవారం పొద్దున్నకల్లా చెప్పాలి, మీ వెనక ఇంకా నలుగురున్నారు అంది. మంగళవారం అంటే రేపు. సోమ, బుధ, శుక్ర, వారానికి మూడుసార్లు మిషన్ దగ్గరికి రావాల్సిందే, తప్పితే మనిషి ఉండడు, అందులో మాట్లాడుకునేదేం లేదు. మాట్లాడుకోవాల్సింది ఒక్కటే, ఈ డెబ్భై కిలోమీటర్లూ చలికాలంలో ఎవరు నడుపుతారు. ఆర్వో చూపు సెప్టెంబరు నుంచే మసక, డాక్టరు బండి ముట్టుకోవద్దన్నాడు. పిల్లలు లేరు మాకు. ఇక మిగిలింది నేను. ఆర్వో ఏమంటాడంటే, ఆ ఇంట్లో పెద్ద టీవీ ఉందట, హాకీ ఆటలన్నీ వస్తాయట, నడవా అంతా వెచ్చగా ఉంటుందట, అక్కడ తనకి రాజభోగమట. ఎప్పట్నించి ఈయనకి నడవాలంటే ఇష్టం? మైనస్ ముప్ఫైలో చేపల కోసం చెరువు మీద మంచుకి కన్నం పెట్టి, దాని పక్కన బకెట్ బోర్లించి పూటంతా కూర్చునే మనిషి! నువ్వు ఆ రోడ్డు మీద ఒంటరిగా తిప్పలు పడుతుంటే నేను చూడలేను హెల్వీ అని నోరు తెరిచి ఒక్క ముక్క అనొచ్చు కదా. అనడు. మా ఫిన్లాండు మగాళ్లు అంతే, తాతల కాలంలో ఈ దేశానికొచ్చి ఓడ దిగినప్పుడు మాటలన్నీ ఆ ఓడలోనే వదిలేసి వచ్చినట్టున్నారు. ప్రేమంటే కట్టెలు చీల్చి పేర్చడం. చూపు మసకైనా అక్టోబరంతా తడుముకుంటూ చీల్చాడు, రెండు చలికాలాలకి సరిపడా, ముందుముందు నేనొక్కదాన్నే ఉండాల్సొస్తుందేమోనని. ఆ పేర్పు చూసి ఇంటి వెనక నిలబడి ఏడ్చాను.

పొద్దున్న బయల్దేరేటప్పుడు రోడ్డు పొడిగా ఉంది, ఎండాకాలం టైర్ల మీదే వచ్చేశాం. గదికి ఇవాళే ఒప్పుకుంటానన్నాడు. ఇవాళొక్క రోజు ఆగు, సాయంత్రం మంచు పడుతుందంటున్నారు, ఎలా తీసుకెళ్తానో చూసి అప్పుడు చెప్పు అన్నాను. సరే, చూద్దాం అన్నాడు. ఆయన చూద్దాం అంటే ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. అతన్ని మిషన్‌కి అప్పగించి కిటికీ దగ్గరికొచ్చానో లేదో, సాయంత్రం పడాల్సిన మంచు తొమ్మిదింటికే మొదలైంది.

"ఆ చప్పుడేంటి?" అన్నాడు ఆర్వో ఇప్పుడు. ఊరు దాటి హైవే ఎక్కాం, మంచు తోసే బండి కాసేపటి క్రితమే వెళ్లినట్టుంది, అక్కడక్కడ తారు నల్లగా కనపడుతోంది, ఆ నలుపు మీదికి వచ్చినప్పుడల్లా కింద టిక్ టిక్ టిక్ టిక్.

"టైర్లు."

"మేకులవా?"

"మేకులవే."

గడ్డమంచు మీద జారకుండా ఈ టైర్ల రబ్బరులో చిన్న చిన్న ఇనప మేకులుంటాయి. మేకుల టైర్ల చప్పుడంటే అతనికి గిట్టదు, తల మీద టైపు మిషన్ కొట్టినట్టుంటుందంటాడు. అందుకే నలభై ఏళ్లుగా మా బండికి మేకుల్లేవు. రాష్ట్రంలో ఉత్తరాన ఉన్న మాకు చట్టం వాడుకోనిస్తుంది, దక్షిణాన ఉన్నవాళ్లకి ఆ అనుమతి కూడా లేదు, ఉన్నదాన్ని వాడుకోవడానికేం రోగం అని నేను ఎన్నిసార్లు అన్నానో. పొద్దున్న అతను మిషన్ దగ్గరుండగా లార్న్ టైర్ల కొట్టుకి వెళ్తే మొదటి మంచు రోజు కదా, ఊరు ఊరంతా అక్కడే ఉంది. ఏటా ఇదే తంతు. సెప్టెంబరులో చెబుతారు, అక్టోబరులో చెబుతారు, ఎవరూ వినరు, ఆకాశం నుంచి మొదటి రేకు రాలగానే అందరికీ ఒకేసారి జ్ఞానోదయం. నాకంటే ముందు పద్నాలుగు బళ్లు. లార్న్ బల్ల వెనక నుంచి తలెత్తి, ఆర్వో ఏడీ అన్నాడు. మిషన్ దగ్గరున్నాడు, ఒంటిగంటకి దింపుతారు, ఇంటికి తీసుకెళ్లాలి అన్నాను. లార్న్ అందరి వంకా ఒకసారి చూశాడు. ఎర్ర కోటు ముసలాయన ఒకడు, నేనెరగను, లేచి తన కుర్చీ నాకిచ్చి, ఆవిడ బండి ముందు పెట్టవయ్యా, నేను పోయేది బింగో ఆటకి, ఎంత ఆలస్యమైతే మా ఆవిడకి అంత సంతోషం అన్నాడు. ఒక్కళ్లు గొణగలేదు. ఆ నవ్వుల మధ్య కాఫీ కప్పులో మొహం దాచుకున్నాను.

ఎంచుకోవడం నా చేత కాదనుకున్నాను, ఎప్పుడూ ఆర్వో పనే కదా అది. లార్న్ మూడు రకాలు తెచ్చి బల్ల మీద దొర్లించాడు. ఆర్వోతో మాట్లాడినట్టే నాతోనూ మాట్లాడాడు, అమ్మగారికి అర్థమయ్యేలా చెబుతా అనే వేషాలేం లేవు. ఎంత దూరం, వారానికి ఎన్నిసార్లు, చీకట్లో ఉంటుందా, రోడ్డు తారుదా కంకరదా. కంకర పన్నెండు కిలోమీటర్లు అన్నాను. వెడల్పు టైరు చూపించి ఇది బాగా పట్టుకుంటుంది కదా, ఎక్కువ నేల తగుల్తుంది కదా అన్నాను. అదే తప్పమ్మా అందరూ చేసేది అన్నాడు. వెడల్పుది మంచు మీద తేలుతుంది, సన్నది మంచుని కోసుకుంటూ కిందికి దిగి నేలని అందుకుంటుంది. నా బొటనవేలు పట్టుకుని రబ్బరు మీద నొక్కించాడు, ముందు మా బండి పాత టైరు మీద, ఆ తర్వాత కొత్తదాని మీద. పాతది ఎండిన రొట్టెముక్క, వేలు దిగలేదు. చలికి ఎండాకాలం రబ్బరు ఇలా బిగుసుకుపోతుంది, చలికాలంది మెత్తగానే ఉంటుంది అన్నాడు. మేకులు లేనిది చప్పుడు చెయ్యదు, మేకులది అద్దంలాంటి గడ్డమంచు మీద ఇంకొంచెం త్వరగా ఆపుతుంది, ఏదిమ్మంటావు అన్నాడు. ఎంత త్వరగా అన్నాను. ఒక బండి పొడవు అనుకో అన్నాడు. ఆ ఒక్క బండి పొడవులో ఏమేం జరిగిపోతాయో నాకు తెలుసు. మేకులవే వెయ్యి అన్నాను. వెనక రెండూనా, ఆర్వోకి వేసినట్టు? అన్నాడు లార్న్, మొహంలో ఏ భావమూ లేకుండా.

ఈ వెనక రెండూ అనేది మా వాళ్ల మతం. ఆర్వో నాన్న అంతే, మా నాన్న అంతే. పికప్‌ని లాగేది వెనక చక్రాలు, కాబట్టి వాటికి మంచు టైర్లు, వాటి మీద ఆరు ఇసుక బస్తాలు, ఇక బండి ఎక్కడికైనా వెళ్తుంది. నిజమే, వెళ్తుంది. వెళ్లడం గురించే ఆలోచించారు అందరూ, తిరగడం గురించి ఒక్కరూ ఆలోచించలేదు. తొంభై ఒకటిలో చర్చి దిగుడులో ఏమైంది? ఆర్వో నడుపుతున్నాడు, నా ఒళ్లో మా అత్తగారికి తీసుకెళ్తున్న యాలకుల రొట్టెలు, వేడివేడిగా, గుడ్డలో చుట్టి. దిగుడు కింద రోడ్డు ఎడమకి తిరుగుతుంది, తిరిగిన వెంటనే నది మీద వంతెన. ఆర్వో స్టీరింగ్ ఎడమకి తిప్పాడు, ముందు చక్రాలూ ఎడమకి తిరిగాయి, బండి మాత్రం తిరగలేదు. నిమ్మళంగా, మర్యాదగా, తిన్నగా వెళ్లి మంచుగుట్టలో దిగబడింది. గుట్ట లేకపోతే నదిలోనే. రొట్టెలు అద్దానికి కొట్టుకున్నాయి. అప్పుడు ఆర్వో, రోడ్డు ఏటవాలు సరిగ్గా వెయ్యలేదు వెధవలు అన్నాడు. ఆ మాట మీదే ముప్ఫై నాలుగేళ్లుగా నిలబడ్డాడు, వెనక్కి తగ్గలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో వాళ్లకి కూడా దుప్పి అడ్డమొచ్చిందన్నాను. మొగుడి పరువు కదా. కానీ అప్పట్నించి ఆ మలుపు దగ్గరికొస్తే నా కాళ్లు నాకు తెలియకుండానే బిగుసుకుంటాయి. చలికాలం నడపననడానికి చేతులు లాగుతున్నాయి, కళ్లు లాగుతున్నాయి అని వంకలు చెప్పాను, అసలు సంగతి ఇదీ. లార్న్‌తో, నాలుగు చక్రాలకీ వెయ్యి అన్నాను. నోట్లోంచి ఆ మాట వచ్చాక అటూ ఇటూ చూశాను, ఏదో దొంగతనం చేసినట్టు.

"రెండే కదా?" అన్నాడు ఆర్వో. ఇంతసేపూ ఆ టిక్ టిక్‌నే వింటున్నాడన్నమాట, ఎన్ని చక్రాల నుంచి వస్తోందో లెక్క కడుతున్నాడన్నమాట. చూపు మసకైతే ఏం, చెవులు పాముచెవులు.

"నాలుగు."

"నాలుగెందుకు?"

"వెనక రెండూ నీకు. ముందు రెండూ నాకు."

గాలి వదిలాడు ముక్కులోంచి. నవ్వో, కోపమో. తల తిప్పి చూడాలనుంది కానీ రోడ్డు మీంచి కళ్లు తియ్యలేను, ఇప్పుడు నలుపు ఎక్కడా లేదు, అంతా ఒకటే తెలుపు. రోడ్డేదో పక్క గుంటేదో చెప్పేవి అంచున పాతిన కర్రలే. అరవై మీద వెళ్తున్నాను. మొదటి వంద కిలోమీటర్లు గట్టిగా బ్రేకు తొక్కకు, మేకులు రబ్బరులో కుదురుకోవాలి, ఒళ్లో గుడ్లబుట్ట ఉన్నట్టు నడుపు అన్నాడు లార్న్. ఈ మాట మాత్రం ఆర్వోకి చెప్పలేదు. చెబితే ఇంకేమైనా ఉందా, ఇవాళే దొరికిందా నీకు గుడ్లబుట్ట అంటాడు.

ఫ్లాస్కులో కాఫీ ఉంది, ఇవ్వనా అన్నాను. ఎంత ఇవ్వొచ్చో అంతే ఇస్తావుగా అన్నాడు. రోజు మొత్తానికి తాగే నీళ్లూ కాఫీ సూపూ అన్నీ కలిపి ఇంతేనని డెనీస్ ఒక గ్లాసు మీద గీత గీసి ఇచ్చింది, ఆ గీతకి కాపలా నేను. ఆ గదిలో ఉంటే ఎవరుంటారు కాపలా? ఎవడో హాకీ చూసేవాడు పక్కన కూర్చుని బీరు పోస్తే? పొయ్యలేదనుకో, రాత్రి కాళ్లు పట్టేసినప్పుడు ఎవరు తోముతారు? ఆ నర్సులు మంచివాళ్లే, కానీ ఎడమ పిక్కకి ముందు కింద నుంచి మొదలుపెట్టాలని వాళ్లకేం తెలుసు. ఇవన్నీ నేనతనికి చెప్పే కారణాలు. నాకు నేను చెప్పుకునేది వేరు. ఏటా దుప్పుల వేటకి మగాళ్లంతా అడవిలోకి వెళ్లినప్పుడు ఆరు రోజులు నేనొక్కదాన్నే ఉంటాను, మొదటి రోజు హాయిగా ఉంటుంది, మంచానికి అడ్డంగా పడుకుంటాను, రెండో రోజు ఇల్లంతా కడుగుతాను, మూడో రోజు నుంచి ఒకళ్లకి వండడం చేతకాక గిన్నెలోంచే తింటాను. నాలుగో రోజు అతని చొక్కా ఒకటి ఉతకాల్సింది ఉతక్కుండా తలగడ కింద పెట్టుకుంటాను. ఈ సంగతి ఎవరికీ తెలీదు. ఆరు రోజులకే ఈ భాగోతమైతే నాలుగు నెలలకేం చేస్తాను? ఆయనకి ఇంకా ఎన్ని చలికాలాలున్నాయో డాక్టరు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఉన్నవాటిలో ఒకటి ఎత్తుకెళ్లి ఆ కిటికీ ముందు పెట్టుకుంటానంటే నేనెందుకు ఒప్పుకోవాలి? ఒప్పుకోను. దిగుడు రానీ, దాని సంగతి తేలుస్తాను.

వచ్చింది. మంచులోంచి ముందు చర్చి శిఖరం కనపడింది, ఆ తర్వాత పసుపు బోర్డు, ఆ తర్వాత రోడ్డు ముందుకి వంగి కిందికి జారిపోయింది. గేరు తగ్గించాను. బండి మూలిగింది, వేగం తగ్గింది, నలభై, ముప్ఫై అయిదు. ఆర్వో కుడికాలు నేలని తొక్కుతోంది, ఓరకంట కనపడుతోంది నాకు, అక్కడ బ్రేకు లేదు నాయనా. సగం దిగాక కింద వంతెన మీద రెండు దీపాలు, వాటి పైన ఇంకో అయిదు. దుంగల లారీ. ఎదురు దిగుడు దిగిన ఊపంతా కూడగట్టుకుని మా ఎక్కుడు ఎక్కడానికి వస్తోంది, అది ఆగదు, ఆగితే మళ్లీ కదల్లేదు, పైగా రోడ్డు మధ్యలో వస్తోంది. కాలు బ్రేకు మీదికి వెళ్లింది, దాని మీద ఆనింది, తొక్కలేదు. ఎందుకు తొక్కలేదో నాకూ తెలీదు, ఆ క్షణంలో నాకు డెబ్భై రెండేళ్లు లేవు, ఇరవై నాలుగున్నాయి, గడ్డకట్టిన చెరువు మీద ఆర్వో నాన్నగారి బండిలో ఉన్నాను, మంచు పగిలితే దూకడానికి వీలుగా కిటికీలు రెండూ దింపి ఉన్నాయి, బెల్టులు పెట్టుకోలేదు, ఆర్వో పక్కన కూర్చుని, బూటుకాలు చాపి నా పాదం మీద నుంచి యాక్సిలరేటర్ తొక్కుతున్నాడు, బండి గింగిరాలు తిరుగుతోంది, నేను కెవ్వున అరుస్తున్నాను, అతను నవ్వుతున్నాడు, తిరగనీ, తిరగనీ, దాంతో దెబ్బలాడకు, అది ఎటు జారుతోందో ముందు విను, కాలు ఎత్తెయ్, నువ్వు వెళ్లాల్సిన చోటుని చూడు, ఆ ఒడ్డున మీ నాన్న నిలబడ్డాడు చూడు, అటే చూడు, వద్దులే, ఆయన్ని చూస్తే ఇద్దరం చస్తాం. కాలు ఎత్తేశాను. లారీని చూడ్డం మానేశాను. వంతెన కుడి అంచున పాతిన కర్రని చూశాను, దాని పక్కన ఉన్న ఖాళీని చూశాను. మలుపు వచ్చింది, స్టీరింగ్ ఎడమకి తిప్పాను, కొంచెం, పిండి జల్లెడ తిప్పినంత. ఒక క్షణం ఏమీ కాలేదు. ఆ క్షణం ఎంత పొడుగో చెప్పలేను. అప్పుడు కింద గర్రుమని పట్టుకుంది. ముందు చక్రాలు కోసుకుంటూ దిగి నేలని అందుకున్నాయి, బండి ముక్కు ఎడమకి తిరిగింది, తోక దాని వెనకే బుద్ధిగా వచ్చింది. లారీ మా పక్కనుంచి, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్నుంచి, దుంగలన్నీ చూపించుకుంటూ వెళ్లిపోయింది, దాని మంచు దుమారం అద్దమంతా కప్పేసింది, రెండుసార్లు వైపర్లు తిరిగాక వంతెన అవతల ఉన్నాం. పక్కనుంచి వెళ్లేటప్పుడు డ్రైవరు స్టీరింగ్ మీంచి రెండు వేళ్లు ఎత్తాడు, నేను చూశాను. తిరిగి ఎత్తడానికి నా వేళ్లు రాలేదు.

వీపంతా చెమట. అరగంట అలాగే వెళ్లాం, హైవే వదిలి మా కంకర రోడ్డు ఎక్కాం, దీని మీద ఇంకా ఎవరూ మంచు తొయ్యలేదు, మొదటి అచ్చు మాదే. ఒక్క మంచి మాట అంటే ఏం పోతుందీయనకి? ఫరవాలేదు అంటే చాలు, మా వాళ్లలో అది కిరీటం పెట్టినట్టు. అదీ రాలేదు. సరే, అతనికి నచ్చలేదు. దగ్గరగా వచ్చింది కదా లారీ, చూపు మసకైనా అంత పెద్ద లారీ కనపడదా, భయపడ్డాడు. తనకోసం కాదు, ఆయన తనకోసం ఎప్పుడు భయపడ్డాడు గనక. వారానికి మూడుసార్లు, పదిహేడు వారాలు, ఈ ఆడది ఈ దిగుడు దిగాలా అని మనసులో లెక్కవేస్తూ ఉంటాడు. ఓడిపోయానన్నమాట. బండి తిప్పాను, అతను మాత్రం తిరగలేదు. మా ఉత్తరాల పెట్టె కనపడింది, నెత్తిన జానెడు మంచుతో.

"డెనీస్‌కి ఫోన్ చెయ్యాలి" అన్నాడు.

"పొద్దున్న చేద్దువుగానిలే" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"పొద్దున్నైతే ఆలస్యమైపోద్ది. బుధవారానికి ఎవరు ముందో రాసేసుకుంటారు వాళ్లు." కట్టున్న చెయ్యి సర్దుకున్నాడు. "నన్ను గంట ముందు మిషన్‌కి ఎక్కించమని అడుగు. డిసెంబరులో నాలుగింటికే చీకటి. ఆ లోపల ఇల్లు చేరాలి మనం."

బండి ఆపేశాను. రోడ్డు మధ్యలో, ఇంజను నడుస్తుండగానే, స్టీరింగ్‌కి నుదురు ఆనించి భోరుమని ఏడ్చాను, డెబ్భై రెండేళ్ల ఆడదాన్ని, ముక్కు కారుతుంటే చేతి తొడుగుతోనే తుడుచుకుంటూ. ఆర్వో ఏం చెయ్యాలో తెలియక హీటర్ తగ్గించాడు, మళ్లీ పెంచాడు. ఆ తర్వాత కుడిచెయ్యి తెచ్చి నా వీపు మీద పెట్టాడు, కోటు మీంచి, బరువుగా, మోటుగా, అలాగే ఉంచాడు. మంచు అద్దం మీద పడుతూనే ఉంది. కాసేపటికి, "నడుపు హెల్వీ, చలేస్తోంది" అన్నాడు.